మూడు గంటల బొమ్మ, ఏడాది బొమ్మ

బల్ల మీద ఒక మట్టికుండ. దాని పక్కన రెండు వంకాయలు, ఒక ఆకుల కొమ్మ. వెనక ముడతలు పడేలా వేలాడదీసిన నీలం గుడ్డ, కింద పరిచిన పసుపు గుడ్డ. చుట్టూ హాఫ్ ఇంపీరియల్ షీటును బోర్డుకు క్లిప్పులతో బిగించుకుని కూర్చున్న పదిహేడేళ్ళ పిల్లలు. ఎవరి చోటు వారిదే. లేచి ఇంకో పక్కనుంచి చూడటానికి వీల్లేదు. మూడు గంటల్లో ఆ కుండ షీటు మీదికి రావాలి. సీబీఎస్ఈ పన్నెండో తరగతి పెయింటింగ్ ప్రాక్టికల్‌లో ఒక భాగం ఇది. కేంద్రీయ విద్యాలయంలోనో నవోదయలోనో పిల్లల్ని చదివించిన వారికి ఇది తెలిసిన సంగతే. చదివించని వారికీ దీని పోలిక తెలుసు. జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు బోర్డు మీద సుద్దముక్కతో చెంబు గీసి, మూతి దగ్గర గుండ్రం కోలగా ఎందుకు మారుతుందో చెప్పిన పీరియడు ఈ పరీక్షకు దగ్గరి చుట్టమే.

అమెరికా హైస్కూళ్ళలో ఇదే వయసు పిల్లలు చదివే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ ఆర్ట్ అండ్ డిజైన్ కోర్సుకు మాత్రం పరీక్ష హాలే లేదు. బల్ల లేదు, కుండ లేదు, గంట కొట్టేవారు లేరు. కాలేజ్ బోర్డ్ నడిపే ఈ కోర్సులో విద్యార్థి తనకు తానే ఒక ప్రశ్న వేసుకుని, దాని వెంటపడి నెలల తరబడి బొమ్మలు వేసి, మే నెల మొదట్లో వాటి ఫొటోలను ఆన్‌లైన్‌లో పంపుతాడు. ప్రశ్న వెంట సాగిన అన్వేషణకు 15 ఫొటోలు, మార్కుల్లో 60 శాతం. వాటిలో పూర్తయిన చిత్రాలే ఉండాలన్న నియమం లేదు. చిత్తు స్కెచ్‌లూ, మధ్యలో ఆగిన పనులూ పెట్టవచ్చు. తాను బాగా వచ్చాయనుకున్న 5 చిత్రాలకు మిగతా 40 శాతం. వీటితోపాటు తన ప్రశ్న ఏమిటో, పని ఎలా మారుతూ వచ్చిందో ఒక్కొక్కటి 600 అక్షరాలకు మించకుండా రాయాలి. కాలేజీ అధ్యాపకులూ ఈ కోర్సు చెప్పే హైస్కూలు టీచర్లూ కలిసి వాటిని చూసి 1 నుంచి 5 దాకా ఒక స్కోరు ఇస్తారు.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడవలసిన అవసరం మనకు ఇప్పుడు బాగా ఉంది. ఒకే ఇంటి అన్నదమ్ముల పిల్లల్లో ఒకరు కూకట్‌పల్లిలోనూ ఇంకొకరు న్యూజెర్సీలోనూ పెరుగుతున్న రోజులివి. సెలవులకు కలిసినప్పుడు ఇద్దరూ స్కెచ్‌బుక్కులు మార్చుకుంటారు. ఒకరి పుస్తకంలో కుండలు, గుడ్డలు, అరటిగెలలు కనిపిస్తాయి. ఇంకొకరి పుస్తకంలో ఒకే కిటికీ పన్నెండు రకాలుగా కనిపిస్తుంది. చూసే పెద్దలు వెంటనే తీర్పు చెప్పేస్తారు. మనవాడికి చెయ్యి తిరిగింది, అక్కడివాడికి ఆలోచన వచ్చింది అని ఒకరు. మనవాడు నకలు తీస్తున్నాడు, అక్కడివాడు పిచ్చిగీతలు గీస్తున్నాడు అని ఇంకొకరు. రెండు మాటలూ తొందరపాటు మాటలే. ఈ రెండు పద్ధతులూ పుట్టింది ఒకే ఇంట్లో. విడిపోయేటప్పుడు చెరొక సగం పట్టుకుపోయాయి. ఆ సగాలేమిటో తెలిస్తేగాని ఎవరి దగ్గర ఏం లేదో చెప్పలేం.

ఆ ఇల్లు లండన్‌లోని సౌత్ కెన్సింగ్‌టన్. 1851 మహా ప్రదర్శన తరవాత, తమ ఫ్యాక్టరీ సరుకుల్లో అందం లేదన్న దిగులుతో బ్రిటన్ కళావిద్యను ఒక యంత్రాంగంగా తీర్చిదిద్దింది. హెన్రీ కోల్ ఆధ్వర్యంలో అది మెట్లమెట్లుగా సాగే చదువైంది. ముందు అచ్చువేసిన గీతబొమ్మలకు నకళ్ళు, తరవాత జామెట్రీ, ఆపై ఘనాకారాలు, ఆపై ప్లాస్టర్ విగ్రహాలు, ఆ తరవాతే రంగు. 1850లో అలెగ్జాండర్ హంటర్ మొదలుపెట్టిన మద్రాసు ఆర్ట్ స్కూలూ, 1857లో బొంబాయిలో వెలసిన జేజే స్కూలూ కాలక్రమంలో ఈ పద్ధతి నీడలోకి వచ్చాయి. మన డ్రాయింగు మాస్టార్ల చేతుల్లోకి వచ్చిన ఫ్రీహ్యాండ్, మోడల్ డ్రాయింగ్, మెమరీ డ్రాయింగ్, జామెట్రికల్ డ్రాయింగ్ అన్న విభజన అక్కడిదే. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు రాసి, వేసవి శిక్షణ పూర్తిచేసి, డ్రాయింగ్ టీచరు పోస్టు కోసం ఎదురుచూసిన తెలుగు యువకులు తమకు తెలియకుండానే ఆ లండన్ మెట్లు ఎక్కినవారే.

అమెరికా కూడా సరిగ్గా ఆ మెట్ల మీదే మొదలైందన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. 1870లో మసాచుసెట్స్ రాష్ట్రం బడుల్లో డ్రాయింగును తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది. దాన్ని అమలుచేయడానికి మరుసటి ఏడాదే సౌత్ కెన్సింగ్‌టన్‌లో చదువుకున్న వాల్టర్ స్మిత్‌ను ఇంగ్లండ్ నుంచి పిలిపించారు. డ్రాయింగు టీచర్లను తయారుచేయడానికి ఆయన 1873లో బోస్టన్‌లో ఒక కాలేజీ పెట్టాడు. బట్టల మిల్లులకు డిజైనర్లు కావాలన్నది అక్కడి యజమానుల కోరిక. మద్రాసులోనూ బొంబాయిలోనూ చేతిపనులు మెరుగుపరచాలన్నది దొరల మాట. బోస్టన్ పిల్లవాడూ మద్రాసు పిల్లవాడూ ఒకే తరంలో ఒకే రకం గీతలకు నకళ్ళు తీశారు.

విడిపోవడం ఆ తరవాత. అక్కడ ఆర్థర్ వెస్లీ డో 1899లో ‘కంపోజిషన్’ అన్న పుస్తకం వేశాడు. బోస్టన్ మ్యూజియంలో జపాన్ అచ్చుబొమ్మలు చూసి మనసు పారేసుకున్న మనిషి ఆయన. కుండను ఉన్నదున్నట్టు దించే చదువు చాలదనీ, షీటు అనే చదరంలో గీత, నలుపు తెలుపుల అమరిక, రంగు ఎలా కూర్చాలో అదే అసలు చదువనీ వాదించాడు. జార్జియా ఓకీఫ్ ఆయన శిష్యురాలు. 1933లో జర్మనీ నుంచి వచ్చిన జోసెఫ్ ఆల్బర్స్ ముందు బ్లాక్ మౌంటెన్ కాలేజీలో, తరవాత యేల్‌లో ఈ చదువుకు బౌహౌస్ అన్న జర్మన్ డిజైన్ బడి వెన్నెముకను నిలిపాడు. మరోవైపు జాన్ డ్యూయీ, విక్టర్ లోవెన్‌ఫెల్డ్ లాంటి వారు బొమ్మ వేయడం పిల్లవాడి అనుభవంలోంచి, ఎదుగుదలలోంచి రావాలని పట్టుబట్టారు. నేటి అమెరికన్ కోర్సులో ఈ రెండు పాయలూ కలిసే పారుతున్నాయి. సమతూకం, లయ, అనుపాతం అన్న డిజైన్ సూత్రాలు డో, ఆల్బర్స్‌ల వైపునుంచి వచ్చినవి. నీ ప్రశ్న ఏమిటన్న పట్టుదల డ్యూయీ వైపునుంచి వచ్చింది.

మన దగ్గరా అలాగే తిరుగుబాటు వచ్చింది, కాని దాని దారి వేరు. మద్రాసులో పనిచేసి 1896లో కలకత్తా ఆర్ట్ స్కూలుకు వెళ్ళిన హావెల్, ఆయనతో కలిసి నడిచిన అవనీంద్రనాథ్ ఠాగూర్, నకలు తీయడాన్ని కాదన్నప్పుడు పిల్లవాడి అంతరంగం వైపు చూడలేదు. అజంతా వైపు, మొగల్ సూక్ష్మచిత్రాల వైపు చూశారు. నందలాల్ బోస్ శాంతినికేతన్ కళాభవన్‌లో దానికి ప్రకృతిని చేర్చాడు: చెట్టును చూడు, మేకను చూడు, రోజూ చూడు, రోజూ గియ్యి. ఆ గాలి తెలుగునేలకూ తగిలింది. రాజమండ్రి కాలేజీ ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో దామెర్ల రామారావు బొంబాయి జేజే స్కూలుకు వెళ్ళి, వెనక్కి వచ్చి గోదావరి జిల్లా మనుషుల్ని గీశాడు. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో బెంగాలీ చిత్రకారుడు ప్రమోద్ కుమార్ ఛటర్జీ పాఠాలు చెప్పాడు. శాంతినికేతన్‌లో నందలాల్ దగ్గర చదువుకుని వచ్చిన కొండపల్లి శేషగిరిరావు హైదరాబాదులో ఒక తరాన్ని తయారుచేశారు. పాత మెట్ల బడిని ఎవరూ కూలగొట్టలేదు. ఆ మెట్ల పక్కనే భారతీయ కళాచరిత్ర అన్న గదిని కట్టారు. సీబీఎస్ఈ పెయింటింగ్ పేపరును చూస్తే ఆ రెండూ ఇప్పటికీ విడివిడిగా, పక్కపక్కనే కనిపిస్తాయి: ప్రాక్టికల్ 70, థియరీ 30.

ముందు ఆ ప్రాక్టికల్ సంగతి. మన మేధావుల్లో స్టిల్ లైఫ్ అంటే చిన్నచూపు ఉంది. దాన్ని నేను ఒప్పుకోను. ఒకే చోట కూర్చుని ఒక కుండను మూడు గంటలు చూడటం ఈ కాలపు పదిహేడేళ్ళ మనిషికి మరెక్కడా దొరకని చదువు. కుండ మూతి కంటి మట్టానికి ఎంత కింద ఉంటే దాని కోలగుండ్రం అంత విప్పారుతుంది. కుండ అడుగున గుండ్రం మూతి కంటే ఇంకొంచెం విప్పారి ఉంటుంది. ఇది పుస్తకంలో చదివితే వచ్చేది కాదు. గీసి, తప్పు అని కంటికి తెలిసి, చెరిపి, మళ్ళీ గీస్తేనే వస్తుంది. వంకాయ నలుపులో కిటికీ వెలుగు ఎక్కడ పడిందో, పసుపు గుడ్డ రంగు కుండ పొట్టకింద ఎలా ప్రతిఫలిస్తుందో చూసినవాడికి నీడ అంటే నల్లరంగు కాదని జీవితాంతం గుర్తుంటుంది. అందరికీ ఒకే కుండ కావడం వల్ల ఇంకో మేలు కూడా ఉంది. ఇరవై మంది ఇరవై చోట్లనుంచి గీసిన ఒకే కుండను వరసగా గోడకు ఆనించి పెడితే, చూపు మనిషి మనిషికీ ఎలా మారుతుందో పిల్లలకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అయితే ఈ పద్ధతి ఎక్కడ చెడుతుందో కూడా చెప్పాలి. మూడు గంటలన్న గడువు వల్ల పిల్లలు చూడటం మానేసి గుర్తుతెచ్చుకుని గీస్తారు. ట్యూషన్లో నేర్పిన కుండ, ట్యూషన్లో నేర్పిన హైలైట్, ఎడమవైపు వెలుగు, కుడివైపు నీడ. కిటికీ ఎటువైపు ఉన్నా వెలుగు ఎడమనుంచే వస్తుంది! పరీక్షలో రెండో భాగమైన కంపోజిషన్ కూడా అంతే. ఇచ్చిన అంశాల్లో ఒకటి ఎంచుకుని ఊహతో చిత్రం వేయమంటారు. అందులో సొంతదనానికి మార్కులున్నాయి కూడా. కాని సంత అంటే ఒక గొడుగు, మూడు బుట్టలు, బిందె నెత్తిన పెట్టుకున్న ఒక స్త్రీ. పండగ అంటే తోరణం, ముగ్గు, గాలిపటం. ముందే ఇంట్లో నాలుగు బొమ్మలు కంఠస్థం చేసిన చెయ్యి హాల్లో వాటిని అప్పజెప్పి వస్తుంది. మార్కులిచ్చే ఎగ్జామినర్ తప్పేమీ లేదు. ఒక్క పూటలో వచ్చిన బొమ్మలోంచి ఆ పూట జరిగినదాన్నే చూడగలడు.

అమెరికన్ కోర్సు సరిగ్గా ఈ పూటనే రద్దుచేసింది. అక్కడ మార్కుల కొలబద్దలో నాలుగు అంశాలున్నాయి. ప్రశ్న స్పష్టంగా ఉండి పనిని నడిపించిందా. సాధన, ప్రయోగం, సవరణ కనిపిస్తున్నాయా. వాడిన పదార్థం, పద్ధతి, ఆలోచన ఒకదానితో ఒకటి అతికాయా. చేతి నైపుణ్యం ఎంత. వీటిలో రెండోది నాకు చాలా ఇష్టం. ఒక అమ్మాయి తన అమ్మమ్మ వదిలి వచ్చిన ఇంటిని తాను ఎన్నడూ చూడకుండా ఎలా గీయాలి అన్న ప్రశ్న వేసుకుందనుకుందాం. మొదటి బొమ్మలో పాత ఫొటో చూసి పెన్సిలుతో ఇల్లు దించుతుంది. బాగానే వస్తుంది, కాని అది ఫొటో బొమ్మ. అమ్మమ్మ ఫోనులో చెప్పిన కొలతలతో రెండోది గీస్తుంది. గుమ్మం మరీ పెద్దదైపోతుంది, ఎందుకంటే అమ్మమ్మ జ్ఞాపకంలో ఆమె అయిదేళ్ళ పిల్ల. అక్కడ అసలు పని మొదలవుతుంది. గుమ్మాన్ని సరిచేయాలా, పెద్దదిగానే ఉంచాలా? పెన్సిలు వదిలి బొగ్గు పట్టాలా? చీర అంచు ముక్కలు అతికించాలా? చెడిపోయాయనుకున్న షీట్లు కూడా ఆ 15 ఫొటోల్లో చోటు సంపాదిస్తాయి, ఎందుకంటే తరవాతి మంచి షీటు ఎలా వచ్చిందో చెప్పేవి అవే. మన పద్ధతిలో అవి చెత్తబుట్టలోకి పోతాయి.

ఈ కోర్సు ముందునుంచీ ఇలా లేదు. కొన్నేళ్ళ కిందటిదాకా దాని పేరు స్టూడియో ఆర్ట్. అప్పుడు మూడు భాగాలుండేవి: ఎంచుకున్న ఉత్తమ చిత్రాలు అయిదు, ఒకే విషయం మీద ఏకాగ్రతతో చేసినవి, ఇక మూడోది రకరకాల పనుల్లో విద్యార్థి విస్తృతిని చూపేది. 2019-20లో పేరుతోపాటు స్వరూపమూ మార్చినప్పుడు ఆ మూడో భాగాన్ని ఎత్తేశారు. నాకు అది నష్టమనే తోస్తుంది. ఆ విస్తృతి భాగం కోసం పిల్లవాడు ఒక ముఖచిత్రం, ఒక వీధి, ఒక స్టిల్ లైఫ్, ఒక రంగుల అభ్యాసం అన్నీ చేసేవాడు. ఇప్పుడు పదహారేళ్ళకే ఒక ప్రశ్నకు కట్టుబడాలి. చూపు ఇంకా పదును తేలకముందే ప్రశ్న దొరికినవాడు, చూడగలిగినంత మేరకే ప్రశ్నను కుదించుకుంటాడు. మన దగ్గర బట్టీపట్టిన సంత బొమ్మ ఉన్నట్టే అక్కడ బట్టీపట్టిన ప్రశ్నలున్నాయి. నేనెవరిని, రెండు సంస్కృతుల మధ్య నేనెక్కడ, సోషల్ మీడియా నన్ను ఎలా చూస్తుంది వంటివి. నిజంగా ఆ బాధ పడిన పిల్లవాడి చేతిలో అవి గొప్ప ప్రశ్నలే. మార్కులు పడతాయని ఎత్తుకున్నవాడి చేతిలో అవీ మన గొడుగూ మూడు బుట్టలూ ఒక్కటే.

మరో తేడా రుజువు విషయంలో. హాల్లో ఎగ్జామినర్ కళ్ళముందు గీసిన కుండ ఆ పిల్లవాడి చేతిదేనని ఎవరికీ అనుమానం రాదు. నెలల తరబడి ఇంట్లో, బడిలో సాగిన పనికి ఆ భరోసా లేదు. అందుకే ఏ దశలోనూ కృత్రిమ మేధ పనిముట్లు వాడరాదని కాలేజ్ బోర్డ్ నిషేధించింది. నిషేధం సరైనదే. కాని యంత్రాలు క్షణంలో బొమ్మలు పుట్టిస్తున్న ఈ రోజుల్లో, మూడు గంటల కుండకు ఒక కొత్త విలువ వచ్చిందన్న సంగతి మనవాళ్ళు గుర్తించాలి. దాన్ని పాతకాలపు పరీక్ష అని కొట్టిపారేసే ముందు ఇంకోసారి ఆలోచించాలి. అలాగే, ప్రయోగాలూ సవరణలూ వరసగా చూపమనే అమెరికన్ నియమం కూడా మోసానికి మంచి విరుగుడే. పదిహేను మెట్లు అబద్ధంగా కట్టడం ఒక అబద్ధపు బొమ్మ చేయడంకన్నా కష్టం.

డిజైన్ మాటకొస్తే రెండు వ్యవస్థలూ గీతలు వేరువేరు చోట్ల గీశాయి. సీబీఎస్ఈ పనిముట్టును బట్టి విడదీసింది: పెయింటింగ్, గ్రాఫిక్స్, శిల్పం, కమర్షియల్ ఆర్ట్ వేర్వేరు సబ్జెక్టులు. కాలేజ్ బోర్డ్ సమస్యను బట్టి విడదీసింది. డ్రాయింగ్, టూ-డీ, త్రీ-డీ అని మూడే. టూ-డీలో ఫొటోలు తీసేవాడూ, పోస్టరు చేసేవాడూ, బట్ట మీద అద్దకం వేసేవాడూ ఒకే కొలబద్ద కిందికి వస్తారు. కలంకారీ, ఇకత్ నేతలున్న నేల మీద మనకు ఈ రెండో విభజన ఎక్కువ నప్పేదేమో. పోచంపల్లి నేతగాడి ఇంటి పిల్లవాడికి పెయింటింగా, కమర్షియల్ ఆర్టా అన్న ప్రశ్న ఎదురుకానక్కర్లేదు. కాని అతను ఇంటర్మీడియట్‌లో ఎంపీసీనో బైపీసీనో చేరితే అసలు బొమ్మే ఎదురుకాదు. తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువమంది పిల్లలకు డ్రాయింగు పదో తరగతితో ముగిసిపోతుంది. డిజైన్ మీద ఆసక్తి ఉన్నవాడు నిఫ్ట్, ఎన్ఐడీ, యూసీడ్ ప్రవేశపరీక్షల కోసం కోచింగులో మళ్ళీ పెన్సిలు పట్టుకుంటాడు. ఆ మధ్యలో పోయిన రెండేళ్ళు చెయ్యి బాగా కుదిరే వయసు. దీని గురించి నాకు నిజంగానే బాధగా ఉంటుంది. అమెరికాలో అన్ని హైస్కూళ్ళూ ఈ కోర్సు చెప్పవు, నిజమే. చెప్పే చోట మాత్రం లెక్కలూ ఫిజిక్సూ చదివే పిల్లవాడు దీన్నీ తీసుకోవడానికి అడ్డేమీ లేదు.

ఇక థియరీ. ఇక్కడ నేను మన పక్షాన కొంచెం మొగ్గుతాను. అమెరికన్ ఆర్ట్ అండ్ డిజైన్ కోర్సులో కళాచరిత్ర తప్పనిసరి కాదు. దానికి విడిగా ఆర్ట్ హిస్టరీ అన్న ఇంకో కోర్సుంది. అందులో ప్రపంచం నలుమూలలనుంచి ఎంచిన 250 కళాఖండాలు చదవాలి. సాంచీ స్తూపం, నటరాజ విగ్రహం, తాజ్‌మహల్ అందులో ఉన్నాయి. మన అమరావతి లేదు. అదొక అద్భుతమైన జాబితా, కాని బొమ్మ వేసేవాడు దాన్ని చదవకుండానే బయటికి వచ్చేయవచ్చు. సీబీఎస్ఈలో అలా కుదరదు. కుంచె పట్టినవాడు పదకొండులో సింధు నాగరికత, అజంతా లాంటివీ, పన్నెండులో రాజస్థానీ, మొగల్, దక్కనీ సూక్ష్మచిత్రాలనుంచి ఆధునికులదాకా చదవాల్సిందే. ఆ పాఠ్యాంశాల్లో తెలుగువాడికి ఆప్తమైనవి కొన్ని ఉన్నాయి. హజ్రత్ నిజాముద్దీన్ ఔలియా, అమీర్ ఖుస్రోలు కూర్చున్న హైదరాబాదు శైలి చిత్రం ఉంది. ఎక్కా యాదగిరిరావు ‘చతుర్ముఖి’ శిల్పం ఉంది. హైదరాబాదు గన్‌పార్కులో అమరవీరుల స్తూపం చేసిన చేతులే అవి. కె. లక్ష్మాగౌడ్ ఎచింగ్ ‘మ్యాన్, ఉమన్, ట్రీ’ ఉంది. నందలాల్ బోస్ హరిపురా పోస్టర్లలోని ‘టిల్లర్ ఆఫ్ ది సాయిల్’ ఉంది.

ఉండటమైతే ఉన్నాయి, కాని చదివే తీరు వేరు. పిల్లవాడు చిత్రం పేరు, చిత్రకారుడు, మాధ్యమం, శైలి, వర్ణన అని అయిదు ముక్కలుగా నేర్చుకుని 30 మార్కుల పేపర్లో రాసేస్తాడు. ప్రాక్టికల్ హాల్లో కూర్చున్నప్పుడు ఆ చిత్రాలు అతని చేతికి ఏమీ చెప్పవు. థియరీ గదికీ ప్రాక్టికల్ గదికీ మధ్య తలుపు మూసే ఉంటుంది.

హరిపురా పోస్టర్లనే తీసుకుందాం. 1938 కాంగ్రెస్ మహాసభల కోసం నందలాల్ వేసినవి అవి. దున్నేవాడు, డోలు కొట్టేవాడు, వడ్రంగి, పిల్లకు పాలిచ్చే తల్లి. అవి విడివిడి బొమ్మలు కావు. పల్లెనుంచి వచ్చిన జనం నడుస్తూ చూసే చోట, చవక కాగితం మీద, కొన్ని మట్టిరంగులతో, కొన్ని వేగమైన కుంచె విసుర్లతో పల్లె మనిషిని పల్లె మనిషికే ఎలా చూపించాలి? ఆ ఒక్క ప్రశ్నే ఆ పోస్టర్ల వరసంతటినీ నడిపింది. అమెరికన్ కోర్సు ఏ అన్వేషణను 60 శాతం మార్కులిచ్చి అడుగుతున్నదో, దాని మేటి నమూనా మన పన్నెండో తరగతి పుస్తకంలోనే ఉంది. మనం అందులోంచి ఒక దున్నేవాణ్ణి మాత్రం బయటికి లాగి, మాధ్యమం ఏమిటి అని అడుగుతున్నాం. రాజమండ్రి దామెర్ల రామారావు చిత్రశాలలో పూర్తయిన చిత్రాల పక్కన ఆయన స్కెచ్‌లు చూసినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. చిత్రకారుడి పని ఎన్నడూ ఒక్క షీటులో జరగలేదు.

ఎదుటివైపు కూడా ఇలాంటి మరపే ఉంది. ఆల్బర్స్‌ను తమ తాతగా చెప్పుకునే అమెరికన్ కళావిద్య, ఆయన తరగతిలో అందరికీ ఒకే అభ్యాసం ఇచ్చేవాడన్న సంగతిని పక్కనపెట్టింది. ఒక రంగు పక్కరంగును బట్టి రెండు రంగులుగా కనిపించేలా చెయ్యండి. ఇదే సమస్య, తరగతి అంతటికీ. తరవాత అన్నిటినీ నేలమీద పరిచి పోల్చడం. 1963లో వచ్చిన ఆయన ‘ఇంటరాక్షన్ ఆఫ్ కలర్’ ఆ అభ్యాసాల్లోంచి పుట్టిన పుస్తకమే. సొంత ప్రశ్న వేసుకునే ముందు అందరూ కలిసి ఒకే వస్తువు ముందు కూర్చోవడం అమెరికాకు పరాయిది కాదు. మన మూడు గంటల కుండ ఆ ఆల్బర్స్ తరగతికి దూరపు బంధువు. కాలేజ్ బోర్డ్ డ్రాయింగ్ విభాగం ఇప్పటికీ గీత, ఉపరితలం, వెలుగునీడలు అని నైపుణ్యాల పేర్లు పెట్టి అడుగుతుంది. వాటిని ఎక్కడ, ఎవరితో కలిసి నేర్చుకోవాలో మాత్రం బడికి వదిలేసింది. మంచి టీచరున్న బడి ఆ ఖాళీని నింపుతుంది. లేని బడిలో పిల్లవాడు ప్రశ్నతో ఒంటరిగా మిగులుతాడు.

ఈ రెండు దారులూ కలిసే చోటు ఏదని నన్నడిగితే నేను లక్ష్మాగౌడ్ ఎచింగ్‌ను చూపిస్తాను. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టి, హైదరాబాదులోనూ, బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గరా చదువుకున్న ఆయన గీతలో రెండు చదువులూ ఉన్నాయి. మేకను, ముళ్ళచెట్టును, పల్లె మనిషి భుజాన్ని ఏళ్ళ తరబడి చూసి దించిన చెయ్యి ఆయనది. అలాగే ఎచింగ్ అన్న పని స్వభావరీత్యానే సవరణల మీద సాగుతుంది. లోహపు రేకు మీద పూత పూసి సూదితో గీయాలి, ఆసిడ్‌లో ముంచాలి, ఒక ప్రూఫు తీసి చూడాలి. గీత పలచబడితే మళ్ళీ ముంచాలి, లోతెక్కువైతే నునుపు చేయాలి, ఇంకో ప్రూఫు తీయాలి. ప్రతి ప్రూఫూ ఆ క్షణానికి బొమ్మ ఎక్కడ ఉందో చెప్పే సాక్ష్యం. న్యూజెర్సీ పిల్ల తాను తీసిన అలాంటి ప్రూఫుల్నే వరసగా పంపి మార్కులు తెచ్చుకోగలదు. కూకట్‌పల్లి పిల్ల మాత్రం అదే చిత్రానికి మాధ్యమం: ఎచింగ్ అని రాసి మార్కులు తెచ్చుకుంటున్నది.

బడిలో ఆసిడ్ పెట్టమని ఎవరూ అడగరు. సీబీఎస్ఈ గ్రాఫిక్స్ సబ్జెక్టులో లినోకట్ ఎలాగూ ఉంది. దాన్ని పెయింటింగ్ చదివేవారికీ చూపిస్తే చాలు. లక్ష్మాగౌడ్ చిత్రం చదివిన వారంలోనే తరగతిలో ప్రతివారూ ఎదుట ఉన్న ఒకే చెట్టును ముందు పెన్సిలుతో గీయాలి. తరవాత దాన్ని లినో మీదికి ఎక్కించి, కొంచెం చెక్కి ఒక ప్రింటు, ఇంకొంచెం చెక్కి ఇంకొకటి తీయాలి. చెడిపోయినవాటితో సహా అన్నీ ఫైల్లో పెట్టాలి. దీనికి కొత్త సబ్జెక్టు అక్కర్లేదు, కొత్త మార్కులు అక్కర్లేదు. పోర్ట్‌ఫోలియోకు ఇప్పటికే 20 మార్కులున్నాయి. స్కెచ్‌నుంచి పూర్తయిన పనిదాకా ఏడాది సాగిన పనిని చూడాలన్న మాట ఆ మార్కుల విభజనలోనే ఉంది. కావలసింది ఒక లినో ముక్క, రెండు కట్టర్లు, ఒక రోలరు, ఒక డబ్బా నల్ల ఇంకు. ఇక ఆ ఫైలు తెరిచినప్పుడు చివరి ప్రింటు ఒక్కదాన్నే చూసి మూసేయని ఎగ్జామినర్ కావాలి.